మెడ ఒకరిది, నగ ఒకరిది

నగ బల్లమీద పెట్టందే మెడలమ్మ జాకెట్టుకి మెడ కత్తిరించదు. ఆ వీధిలో ఇది అందరికీ తెలిసిన సంగతే. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళకి అత్తగార్లు ముందే చెప్పి పంపేవారు. "గుడ్డ ఒక్కటే పట్టుకెళ్తే తిప్పి పంపుతుంది. దానిమీదకి ఏం వేసుకుంటావో అదీ తీసుకెళ్ళు."

మెడలు తీర్చి తీస్తుంది కాబట్టి మెడలమ్మ. ఆమె అసలు పేరు ఎవరికీ అవసరం పడలేదు. అన్నం తినని పిల్లల్ని "ఉండు, మెడలమ్మకి చెప్తా, మెడ కోస్తుంది" అని బెదిరించిన తల్లులూ ఉన్నారు. ఆ పిల్లలే పెద్దవాళ్ళై గుడ్డలు పట్టుకుని వస్తే, కత్తెర ఆడిస్తూ, "రండమ్మా రండి, ఎన్నాళ్ళకి దొరికారు!" అనేది నవ్వుతూ.

ఆమె పద్ధతి ఆమెది. బల్లమీద గోధుమరంగు కాగితం పరిచేది. నగని దానిమీద పెట్టి, అది మనిషి ఒంటిమీద ఎలా పడుతుందో అలా వేలితో సర్ది, చుట్టూ పెన్సిలుతో గీసేది. జాకెట్టు మెడ ఆ గీతకి రెండు వేళ్ళ ఎడంగా రావాలి. "నగా జాకెట్టూ తోడికోడళ్ళలాంటివి. మరీ దగ్గరైతే రాచుకుంటాయి, మరీ దూరమైతే చూసేవాళ్ళు ఏదో ఉందనుకుంటారు," అనేది. గీసిన కాగితం మూల రెండు ముక్కలు రాసేది: మెడ ఎవరిది, నగ ఎవరిది. ఎందుకంటే ఆ వీధిలో నగలు ఒక ఇంట్లో నిలిచేవి కావు. పెళ్ళికని ఒకరి హారం, పేరంటానికని ఇంకొకరి జూకాలు, చేతులు మారుతూ తిరిగేవి. ఎరువు సొమ్ము బరువు చేటని సామెత చెప్పుకుంటూనే అడిగి తెచ్చుకునేవారు. ఒకరి కొలతకి బిగించిన హారం ఇంకొకరి మెడమీద ఒక అంగుళం కిందికో పైకో పడుతుంది. అది తెలియాలంటే రాసిపెట్టుకోవాలి. అలా నలభై ఏళ్ళ కాగితాలు ఆమె కుట్టు గదిలో ఇనప తీగలకి గుచ్చి, గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి.

ఇప్పుడు వచ్చేవాళ్ళు తగ్గారు. ఫోనులో బొమ్మ చూపించి "ఇలా" అంటారు. అయినా మెడలమ్మ రోజూ పొద్దున్నే స్నానం చేసి, దేవుడి పటం ముందు దీపం పెట్టి, మిషన్‌కి చుక్క నూనె వేసి, "ఎవరి గుడ్డా పాడుచెయ్యనివ్వకు స్వామీ" అని దణ్ణం పెట్టుకునే కూర్చుంటుంది.

అలా కూర్చున్న ఒక పొద్దున టీచరమ్మ వచ్చింది, కూతుర్ని వెంటబెట్టుకుని. టీచరమ్మ ఈ వీధిలోనే, నీలంగేటు ఇంట్లోనే పుట్టి పెరిగిన పిల్ల. ఇప్పుడు ఆ ఇంట్లోనే కాపురం, వీధి చివరి బళ్ళో ఉద్యోగం. కూతురు పాట నేర్చుకుంటోంది. వచ్చే ఆదివారం మొదటిసారి హాల్లో, టిక్కెట్టు కొనుక్కుని వచ్చినవాళ్ళ ముందు పాడబోతోంది.

టీచరమ్మ సంచిలోంచి చీర తీసి బల్లమీద పరిచింది. వంకాయరంగు పట్టు, ఆవపిండి రంగు అంచు.

"అమ్మది, పిన్నీ."

"చూడగానే తెలిసింది," అంది మెడలమ్మ. చీర మడత దగ్గర కాస్త వెలిసింది. ఆ చీర కట్టుకుని, ఈ బల్లకి అటుపక్క నిలబడి, "మెడ మరీ కిందికి తియ్యకు, మా అత్తగారు చూపుతోనే చంపేస్తుంది," అని గుసగుసగా చెప్పిన మనిషి ఒక్కసారి కళ్ళముందు మెదిలింది.

"మెడలమ్మమ్మా, నాకు హారాలూ గీరాలూ వద్దు," అంది పిల్ల. "జూకాలు చాలు. గొంతుమీద బరువుంటే శ్రుతి పోతుంది."

"గొంతు లోపలుంది, హారం బయటుంటుంది. రెంటికీ తగువేమిటే?"

"అయితే మీరు వేసుకుని పాడండి."

"నేను పాడితే హాల్లో మీ అమ్మ కూడా మిగలదు." మెడలమ్మ పిల్ల గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "ఇలా చూడు. ఒంటిమీద మూడుచోట్ల మెరవాలి, నాలుగోచోట కన్ను కాసేపు కూర్చోవాలి. మెడకి నిండుగా పెడితే చెవికి తేలిగ్గా. జూకాలు పెద్దవైతే మెడకి సన్న గొలుసు. చేతినిండా గాజులుంటే వంకీ మానెయ్. అన్నీ ఒకేసారి ఎక్కించావనుకో, మనిషి కనపడదు, నగల కొట్టు కనపడుతుంది."

"పిన్నీ, దీనికి అమ్మ పిందెల హారం ఉండాల్సింది," అంది టీచరమ్మ. "ఆ చీరమీద అమ్మ ఎప్పుడూ అదే వేసుకునేది. మామిడి పిందెలు వరసగా, మధ్యలో కెంపుల బిళ్ళ. నాకు అమ్మ అంటే అదే గుర్తు. ఆ బిళ్ళ పట్టుకుని నిద్రపోయేదాన్ని."

మెడలమ్మ చీర మడత సరిచేస్తూ కూర్చుంది.

"నగ ఎలాగూ లేదు. మా మేనత్త దయవల్ల. అమ్మ పోయి వారం కాలేదు, పెట్టె తెరిచి, హారం తీసి, కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది మహాతల్లి. నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. ఒక్క ముక్క మాట్లాడలేదు నాతో. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఆరోజు నుంచీ ఆవిడ మొహం చూడలేదు." టీచరమ్మ చీర అంచు నిమిరింది. "అది పోనీ. నీ దగ్గర కాగితం ఉంటుందిగా, పిన్నీ? అమ్మ హారం గీసింది. అదివ్వు. కంసాలిని అడిగాను. గీత ఉంటే చాలు, వెండిమీద పూతవేసి అచ్చు అలాంటిదే చేస్తానన్నాడు."

మెడలమ్మ చూపు తీగలకి వేలాడే గుత్తులవైపు పోయి, వెంటనే కిందికి దిగింది.

"చాలా పాతది కదమ్మా. వెతకాలి. ఎల్లుండి రా," అంది.

వెతకడానికేముంది? ఏ తీగకి ఏ గుత్తి ఉందో ఆమెకి కళ్ళు మూసుకున్నా తెలుసు. వాళ్ళు అటు వెళ్ళగానే స్టూలెక్కి తీసింది. కాగితం అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. పెన్సిలు గీత మాత్రం చెదరలేదు. పద్దెనిమిది పిందెలు, మధ్యలో గుండ్రటి బిళ్ళ. మూల తన రాతే, వంకర అక్షరాల్లో: "మెడ నీలంగేటు వదినది. నగ ఆమె ఆడపడుచుది."

ఆ వదినా ఆడపడుచుల్ని తలుచుకుంటే మెడలమ్మకి ఇప్పటికీ నవ్వొస్తుంది, కళ్ళూ చెమరుస్తాయి. ఒకరినొకరు "వదినా" అనే పిలుచుకునేవారు. ఏ పెళ్ళో ఉందంటే ముందురోజు మధ్యాహ్నం ఇద్దరూ విడివిడిగా, ఏమీ ఎరగనట్టు ఈ గదికి వచ్చేవారు. ఆడపడుచు కూరగాయల సంచిలో అడుగున హారం పెట్టుకుని, పైన తోటకూర కప్పుకుని తెచ్చేది. ఒకసారి పిందెల మధ్య తోటకూర ఆకు ఇరుక్కుని ఉంటే, "పచ్చరాయి కూడా పొదిగించావా వదినా?" అంది నీలంగేటు వదిన. ముగ్గురూ నోటికి గుడ్డలు అడ్డం పెట్టుకుని నవ్వారు, వీధిలోకి వినపడుతుందని. పెళ్ళి అయిపోయాక నగ మళ్ళీ ఈ గది మీదుగానే వెనక్కి వెళ్ళేది.

ఇంత గుట్టు ఎందుకంటే, నీలంగేటు వదినకి అలాంటి హారమే ఒకటి సొంతానిది ఉండేది. కూతురికి ఎడమకాలు పుట్టుకతో వంకర. అయిదో ఏట ఆపరేషన్ చేయించారు. ఆ ఖర్చుకి హారం పోయింది. మొగుడికి, ఆడపడుచుకి తప్ప ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే అత్తగారు పిల్లని జన్మంతా దెప్పుతుంది. అందుకే ప్రతి శుభకార్యానికీ ఆడపడుచు హారం వదిన మెడలో ఉండేది. అత్తగారికి రెండూ ఒకటేలా కనిపించేవి. ఆడపడుచు మాత్రం ఆరోజు ముత్యాల పేటతో సరిపెట్టుకునేది. "నాకు బరువులు పడవు," అనేది అందరితో.

"నువ్వు మాత్రం మా అమ్మాయికి ఎప్పటికీ చెప్పకూడదు," అని వదిన ఈ బల్లమీదే చేతిలో చెయ్యి వేయించుకుంది. "వేసే ప్రతి అడుగుకీ, నా కాలు మా అమ్మ మెడని మింగేసింది అని అది అనుకోకూడదు."

మెడలమ్మ మాటిచ్చింది. ఆ తర్వాత మొగుడు పోయాడు, అత్తగారు పోయింది. చివరికి ఒక పెళ్ళికి వేసుకున్న హారం తిరిగి ఇవ్వకుండానే, నాలుగు రోజుల జ్వరంతో వదిన కూడా పోయింది. తన నగ తను తీసుకోవడానికి వెళ్ళిన ఆడపడుచు, గుమ్మంలో నిలబడిన పిల్లకి ఏం చెప్పగలదు? నోరు విప్పితే చచ్చిపోయిన వదిన గుట్టు బయటపడుతుంది. విప్పలేదు. దొంగ అయింది.

మర్నాడు మెడలమ్మ పని కట్టిపెట్టి, మూడు వీధుల అవతల మేనత్త ఇంటికి వెళ్ళింది. ఆవిడ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. మోకాళ్ళకి పట్టీలు.

"ఏమే, ఇటు తిరిగాయి నీ కాళ్ళు? నాకు జాకెట్టు కుట్టిపెడతావా ఏమిటి ఈ వయసులో?"

"నీ మెడ కొలత నాకు నోటికొచ్చులే అక్కా," అంటూ మెడలమ్మ పక్కన కూలబడింది. ఉన్న సంగతంతా చెప్పింది.

మేనత్త చేతులు ఆగలేదు. గింజలు గిన్నెలో, తొక్కలు ఒళ్ళో.

"దానికేముంది? కాగితం మూల కత్తిరించి ఇచ్చెయ్. కత్తెర నీ చేతిలోదేగా."

"పాతికేళ్ళ బట్టీ నిన్ను దొంగనుకుంటోంది."

"అనుకునేది ఒక్కతే. అదీ మా అన్నయ్య కూతురు. పరాయిది కాదుగా," అంది మేనత్త. ఇంకో కాయ అందుకుని, "పిల్ల బాగా పాడుతుంది," అంది.

"నువ్వెక్కడ విన్నావు?"

"పాలకి వెళ్తాగా. వాళ్ళింటి వెనక సందులో పాలకొట్టు."

"మీ ఇంటి పక్కనే ఉంది కదా పాలకొట్టు?"

"ఈ పాలు బాగుండవు."

రెండు కొట్లకీ పాలు ఒకే బండి వేస్తుందని మెడలమ్మకి తెలుసు. ఆవిడ మోకాళ్ళ పట్టీల వంక చూసింది.

"ఆదివారం నాడు హాల్లో అట," అంది మేనత్త, చివరి కాయ ఒలుస్తూ. "పిలుపు అందినవాళ్ళు వెళ్తారు."

ఇంటికొచ్చి మెడలమ్మ కొత్త కాగితం పరిచింది. పాత గీతని దానిమీదకి దించింది, ఒక్కొక్క పిందే. బాగా వచ్చింది. మూల తెల్లగా, ఖాళీగా ఉంది. ఇది ఇస్తే కంసాలికి చాలు, టీచరమ్మకి చాలు, మాట కూడా నిలుస్తుంది. అబద్ధం ఒక్క ముక్క లేదు ఆ కాగితం మీద. మరి చూస్తుంటే ఎందుకో సిగ్గేస్తోంది.

మాట తప్పడం పాపమని చిన్నప్పటి నుంచీ విన్నది. పురాణం చెప్పేవాళ్ళు చెప్పారు, తండ్రి చెప్పాడు. ఒక మనిషి నింద మోస్తుంటే ఎదురుగా కూర్చుని నోరు మూసుకోవడం ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. మాటిచ్చింది పోయిన మనిషికి. నింద మోస్తోంది ఉన్న మనిషి. పోయినావిడ ఇప్పుడు ఇక్కడుంటే ఆ మాటకి ఇంకా కట్టుబడమంటుందా? తన గుట్టు నిలవడం కోసం ఆడపడుచుని ఇన్నేళ్ళు వీధిలో తలొంచుకుని నడిపిస్తుందా? "నువ్వే ఏదో ఒకటి చెప్పు స్వామీ," అంది. దేవుడు ఎప్పటిలాగే ఊరుకున్నాడు. ఆయనకి ఊరుకోవడం అలవాటే. ఆ అలవాటు తనకీ ఎప్పుడు వచ్చిందో అనుకుంది మెడలమ్మ.

చెప్పిన రోజుకి తల్లీకూతుళ్ళు వచ్చారు. మెడలమ్మ పాత కాగితమే తీసి బల్లమీద పెట్టింది.

టీచరమ్మ మొదట గీత చూసింది. పిందెల్ని వేలితో నెమ్మదిగా తడుముకుంటూ పోయింది. కళ్ళు తుడుచుకుంది. అప్పుడు మూలకి వచ్చింది.

"ఇదేమిటి? ఎవరి రాత ఇది?"

"నాదే."

"తప్పు రాశావు, పిన్నీ."

"గుడ్డలు తప్పు కుట్టాను గానీ, కాగితం ఎప్పుడూ తప్పు రాయలేదు."

"అమ్మ పెట్టెలోంచి తీసుకెళ్ళింది. ఈ కళ్ళతో చూశాను!"

"నువ్వు చూసింది నిజమే తల్లీ. ఆవిడ నగ ఆవిడ తీసుకుంది."

తర్వాత మెడలమ్మ మొత్తం చెప్పింది, తోటకూర సంచి దగ్గర్నుంచి. కాలి సంగతి దగ్గర నాలుక తడబడింది. కానీ అదీ చెప్పింది. టీచరమ్మ స్టూలుమీద కూర్చుండిపోయింది. చెయ్యి దానంతటదే ఎడమ మోకాలి మీదికి వెళ్ళింది. పిల్ల తల్లి వంక, కాగితం వంక మార్చి మార్చి చూస్తోంది.

ఏడుస్తుందనుకుంది మెడలమ్మ. టీచరమ్మ తలెత్తి సూటిగా చూసింది.

"ఆవిడ ఎదురైతే నేను తల తిప్పుకుని వెళ్ళేదాన్ని. నీ గది ముందునుంచే. నువ్వు ఈ మిషన్ దగ్గర కూర్చుని చూసేదానివి."

"చూశాను."

"ఎలా చూశావు, పిన్నీ?"

పోయినావిడకి మాటిచ్చానని చెప్పుకోవచ్చు. అది నిజమే. కానీ ఆ నిజం ఆ నిమిషంలో ఆ గదిలో నిలబడేలా లేదు. మెడలమ్మ తల దించుకుంది.

పిల్ల కాగితం మూల మీద వేలు పెట్టి అడిగింది. "అమ్మా, ఆవిడ నాకు ఏమవుతుంది?"

"అమ్మమ్మ వరస," అంది టీచరమ్మ. లేచింది. మొన్న అక్కడే వదిలిన చీర మడతపెట్టి సంచిలో వేసుకుంది. "నువ్వూ రా, పిన్నీ. నేను ఒక్కదాన్నే ఆ గుమ్మం ఎక్కలేను."

మేనత్త తలుపు తీసి, ముగ్గురినీ చూసింది. ముందు మెడలమ్మ మీద పడింది.

"నీ నోట్లో నువ్వుగింజ నానదే? కత్తిరించి ఇమ్మన్నానా లేదా?"

"కత్తెర ఆడలేదక్కా."

"పాతికేళ్ళు ఆడిందిగా, ఇవాళేం రోగం?" అని, అప్పుడు టీచరమ్మ వైపు తిరిగింది. "ఎవరమ్మా మీరు? ఎక్కడో చూసినట్టుంది. వీధిలోనా?"

టీచరమ్మ గుమ్మం దగ్గరికి జరిగింది. "అత్తా, లోపలికి రమ్మనవా?"

"వద్దంటే మాత్రం ఆగేదానివా? చిన్నప్పుడు కిటికీలోంచి దూకి వచ్చేదానివి," అంది మేనత్త, పక్కకి జరిగి. జరగడానికి తలుపు పట్టుకోవాల్సి వచ్చింది. టీచరమ్మ ఆ చెయ్యి అందుకుంది. అందుకున్నది వదల్లేదు. తప్పయిందని అనబోతే, "ఆ మాట అంటే హారం ఇవ్వను," అంది మేనత్త.

బీరువాలోంచి పాత పట్టుగుడ్డ మూట వచ్చింది. టీచరమ్మ కెంపుల బిళ్ళని గుప్పిట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. మేనత్త ఈలోగా సంచిలోంచి చీర తీయించి, మంచంమీద పరిపించి, హారం లాక్కుని దానిమీద పెట్టి, మొహం చిట్లించింది.

"ఈ వంకాయరంగు మీదికి ఈ కెంపులా? ఏళ్ళ తరబడి మొత్తుకున్నాను మీ అమ్మతో. దానిమీదకి ముత్యాలు వేసుకో వదినా, అందంగా ఉంటావు అని. వింటేనా! పిందెల హారమే కావాలి, అత్తగారు చూడాలి. ఎరువు తెచ్చుకుంటూ ఎంపిక కూడానూ!"

టీచరమ్మ ఏడుస్తూనే పకపకా నవ్వింది. ఆ నవ్వు అచ్చం నీలంగేటు వదినదే. మెడలమ్మ గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

"నాకు బరువు వద్దన్నాగా," అని పిల్ల సందు చూసుకుని దూరింది. "ముత్యాలే ఇవ్వండి అమ్మమ్మా. జూకాలకి మాటీలు కూడా ఉన్నాయా?"

"ఉన్నాయి. ముందు కూర్చో. ఆదివారం నేను ఏ వరసలో కూర్చోవాలో అది చెప్పు."

"మొదటి వరస."

"మోకాళ్ళ నొప్పులు, మధ్యలో లేవలేను. బాగా పాడకపోతే ఇరుక్కుపోతాను," అంది మేనత్త. అని, టీచరమ్మ వంక చూసింది.

"ఒకసారి ఆ గుమ్మందాకా నడిచి రా."

"ఎందుకత్తా?"

"నడువు. వీధిలో ఎదురైనప్పుడల్లా చూద్దామనే అనుకునేదాన్ని. నన్ను చూసి నువ్వు గబగబా వెళ్ళిపోయేదానివి. గబగబా నడిస్తే ఏం తెలుస్తుంది, కాలు బాగుందో లేదో?"

టీచరమ్మ మంచం పక్కనుంచి కదిలింది. కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి పట్టుకుంది. గుమ్మందాకా నడిచింది, తిరిగి వచ్చింది. మేనత్త చూపు ఆ ఎడమ పాదం మీదే ఉంది.

"ఇంకోసారి," అంది. "మెల్లిగా."